రాళ్లు చూడటానికి అంత దూరమా?



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ఏడో తరగతి పాప వాళ్ల నాన్నగారు అడిగారు: "మేడమ్, వేసవిలో మా తమ్ముడి దగ్గరికి యూకే వెళ్తున్నాం. లండన్, ఎడిన్‌బరో ఎలాగూ చూస్తాం. పిల్లలకు సోషల్ సబ్జెక్టులో పనికొచ్చే చోటు ఇంకేదైనా ఉందా?" అప్పటికప్పుడు ఏదో చెప్పి పంపించాను. ఇంటికెళ్లాక గుర్తొచ్చింది, కిందటేడాది మా అక్కావాళ్లతో నేను వెళ్లిన ఊరి పేరు చెప్పాల్సిందని. ఆయనతో పాటు మీకూ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

ఊరి పేరు కాలనిష్. స్కాట్లాండ్‌కు వాయవ్యాన సముద్రంలో ఉన్న లూయిస్ దీవిలో, పడమటి ఒడ్డున ఉంటుంది. అక్కావాళ్లుండే గ్లాస్గో నుంచి అల్లాపూల్ రేవు దాకా కారులో దాదాపు ఐదు గంటలు. అక్కడ ఫెర్రీ ఎక్కితే రెండుముప్పావు గంటలకు స్టోర్నోవే పట్టణం. మళ్లీ రోడ్డు మీద అరగంట. చెట్లు చాలా తక్కువ. కనుచూపు మేర బీడు, మడుగులు, గొర్రెలు. జూన్‌లో రాత్రి పది దాటినా వెలుగు పోదు. పిల్లల్ని పడుకోబెట్టడం మీ ఓపిక.

ఊరి పక్కనే చిన్న గుట్ట మీద రాళ్లు నిలబడి ఉంటాయి. కంచె లోపలికి నడిచి వెళ్లొచ్చు. నడుమ ఒక పెద్ద రాయి, ఎత్తు దాదాపు 4.8 మీటర్లు. దాని చుట్టూ 13 రాళ్ల వలయం. అక్కడి నుంచి నాలుగు వైపులకూ రాళ్ల వరసలు సాగుతాయి. ఉత్తరం వైపుది మాత్రం రెండు వరసల బాట. వీటిని నిలబెట్టి సుమారు 5,000 ఏళ్లయింది. పాఠ్యపుస్తకాల్లో బొమ్మ ఉండే స్టోన్‌హెంజ్ పెద్ద బండల కంటే ఇవి ముందువి. ఆ రాయి వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు. చారలు చారలుగా ఉంటుంది, చెయ్యి పెట్టి చూడనివ్వండి.

మా అక్క కొడుకుకు తొమ్మిదేళ్లు. ఐదు నిమిషాల్లో "అయిపోయిందా పిన్నీ?" అన్నాడు. మీ పిల్లలూ అదే అంటారు. అప్పుడు ఈ సంగతి చెప్పండి. 1857 వరకు ఈ రాళ్లు సగం కనిపించేవి కావు. సుమారు ఒకటిన్నర మీటర్ల మందాన పీట్ పేరుకుపోయి ఉండేది. పీట్ అంటే వేల ఏళ్లుగా నాచు, గడ్డి పూర్తిగా కుళ్లకుండా ముద్దలా పేరుకున్న నల్లమట్టి. దాన్ని ఇటుకల్లా కోసి ఎండబెట్టి, మనం పిడకలు వాడినట్టు పొయ్యిలో వాడేవాళ్లు. ఆ మట్టిని తవ్వి తీసేశాకే రాళ్ల అసలు ఎత్తు, మధ్యలోని సమాధి గది బయటపడ్డాయి. అది విన్నాక మావాడు రాయి పక్కన నిలబడి, మట్టి తన నడుం దాకా వచ్చేదా, మెడ దాకానా అని కొలుచుకోవడం మొదలుపెట్టాడు. ఇంకో అరగంట గడిచింది. ఎందుకు కట్టారో ఎవరూ తేల్చలేదు. 18.6 ఏళ్లకోసారి చంద్రుడు దక్షిణాన ఉన్న కొండల అంచునే పాకుతున్నట్టు ఇక్కడి నుంచి కనిపిస్తాడు, దానికోసమేనేమో అని కొందరంటారు.

అక్కడి భాష గాలిక్. రోడ్డు బోర్డుల మీద ఊరి పేరు ముందు గాలిక్‌లోనే ఉంటుంది. ఈ రాళ్లను ఆ భాషలో 'నా ఫిర్ వ్రేగె' అంటారు, అంటే అబద్ధపు మనుషులు. దూరం నుంచి చూస్తే నిజంగానే ఎవరో గుంపుగా నిలబడ్డట్టుంటుంది. ఇంగ్లిష్‌లో 'కాలనిష్ స్టోన్స్' అంటే ఆ బొమ్మ కళ్లముందుకు రాదు.

కారులో ఇంకాస్త ముందుకెళ్తే డన్ కార్లోవే. సుమారు 2,000 ఏళ్ల నాటి గుండ్రటి రాతి బురుజు. సున్నం, సిమెంటు ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చారు. ఒకవైపు గోడ ఇప్పటికీ 9 మీటర్ల ఎత్తుంది. కూలిపోయిన వైపు నుంచి చూస్తే రెండు గోడలు, వాటి మధ్య మెట్లు తెలుస్తాయి. ఇంజనీరింగ్ అంటే ఇష్టమున్న పిల్లలు ఇక్కడి నుంచి కదలరు.

ఆ పక్కనే గారన్నన్. రాతి గోడలు, గడ్డి కప్పు ఉన్న ఇళ్ల పల్లె. 1974 వరకు ఈ ఇళ్లలో మనుషులు కాపురమున్నారు. పాతరోజుల్లో ఇలాంటి ఇళ్లలో నడుమ పీట్ మంట, పొగగొట్టం ఉండేది కాదు, ఒకే కప్పు కింద ఒక చివర మనుషులు, ఇంకో చివర పశువులు. మేం అక్కడుండగా తెనాలి నుంచి అమ్మ వీడియో కాల్ చేసింది. మావాడు ఇదంతా అమ్మమ్మకు చెప్పాలని ఉత్సాహపడ్డాడు. "కౌస్... ఇన్‌సైడ్..." అని ఆగిపోయి ఫోన్ నాకిచ్చాడు. నేను చెప్పాను. అమ్మ నవ్వి, "మా పుట్టింట్లోనూ గొడ్ల చావిడి పడగ్గది గోడకి ఆనుకునే ఉండేదే, రాత్రంతా గంటల చప్పుడు వినపడేది" అంది. వాడికి ఇంగ్లిష్‌లో చెబితే కళ్లు పెద్దవి చేశాడు. వాళ్లిద్దరి మధ్య నేను లేకపోతే ఆ మాట వాడికి చేరేది కాదు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ దీవిలోనూ ఇదే జరిగింది. 1872లో వచ్చిన విద్యా చట్టంలో గాలిక్‌కు చోటు లేదు. బడిలో ఆ భాష మాట్లాడితే శిక్షించిన రోజులున్నాయి. పిల్లలు బాగుపడాలంటే ఇంగ్లిషే అని ఇళ్లలో పెద్దలూ అనుకున్నారు. ఇంగ్లిష్ వచ్చింది, ఉద్యోగాలూ వచ్చాయి. 2020లో అక్కడి కౌన్సిల్ ఒకటో తరగతిలో చేరే పిల్లలకు గాలిక్‌లోనే చదువు మొదలుపెడతామని, ఇంగ్లిష్ కావాలంటే తల్లిదండ్రులు అడగాలని ప్రకటించింది. క్లాసులో తెలుగు మాట వినపడగానే "ఇన్ ఇంగ్లిష్, ప్లీజ్" అనే టీచర్లలో నేనూ ఉన్నాను. ఆ మాట ఇంకా మానలేదు, మానాలో లేదో కూడా తేల్చుకోలేదు. ఇంగ్లిష్ కోసమే కదా మీరు ఫీజు కడుతున్నది. కానీ ఫోన్ నా చేతికిచ్చిన వాడి ముఖం గుర్తుంది.

స్టోర్నోవేలో ఇంకో సంగతి. కర్నల్ కాలిన్ మెకంజీ పుట్టిన ఊరు అది. ఆయన 1783లో మద్రాసు వచ్చి, తర్వాత భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యారు. అమరావతి స్తూపాన్ని చూసి బొమ్మలు గీయించారు. మన పల్లెల చరిత్రల్ని కైఫీయత్తులుగా రాయించి పోగుచేశారు. ఏలూరు వాళ్లైన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు తోడు లేకపోతే ఆ పని సాగేది కాదు. ఊళ్లోవాళ్లు తెలుగులో చెప్పింది తెలుగులోనే రాసుకున్నారు కాబట్టి అవి ఇవాళ మనకు చదువుకోవడానికి ఉన్నాయి.

వెళ్లేవాళ్లకు రెండు మాటలు. ఆదివారం దీవిలో చాలా దుకాణాలు మూసేస్తారు, తినడానికి శనివారమే కొనిపెట్టుకోండి. గాలి తగ్గితే మిడ్జ్ అనే చిన్న దోమలు వదలవు, పూత మందు ఉంచుకోండి. గొడుగు దండగ, ఆ గాలికి నిలవదు. రెయిన్‌కోట్లే మేలు.

వెళ్లనివాళ్లకు హాలిడే హోంవర్క్: అమ్మమ్మ ఊరిలోనో నాన్నమ్మ ఊరిలోనో పాత రాయి, బావి, కోట గోడ, గుడి ఏదో ఒకటి ఎంచుకుని, దాని గురించి ఊళ్లో పెద్దవాళ్లు చెప్పింది ఒక పేజీ రాసుకురావాలి. ఇంగ్లిష్‌లోనా తెలుగులోనా అని పిల్లలు అడిగితే, చెప్పినవాళ్లకు చదివి వినిపిస్తే అర్థమయ్యేలా రాయమనండి. అక్షరదోషాలకు మార్కులు తీయను.