ఎక్కడ ‘కాదు’ అనాలో ముందే తేలాలి

క్యాంపస్ ప్లేస్‌మెంట్ల సీజన్ మొదలైతే ఇంజినీరింగ్ కాలేజీ హాస్టళ్లలో రెజ్యూమెలు చేతులు మారతాయి. సీనియర్ పంపిన ఫైలులో పేరు, మార్కులు మార్చి అప్‌లోడ్ చేసేవాళ్లు చాలామందే. ఆ ఫైలుతో పాటు ‘నిజాయతీ, కష్టపడే తత్వం, నలుగురితో కలిసిపోయే స్వభావం’ అనే మూడు మాటలూ యథాతథంగా వచ్చేస్తాయి. ఇంటర్వ్యూలో హెచ్‌ఆర్ మేనేజరు ఆ మొదటి మాట మీద వేలు పెట్టి, ‘నిజాయతీ కోసం మీరు వదులుకున్నది ఏదైనా ఉందా?’ అని అడిగితే అభ్యర్థులు తడబడతారు.

జవాబు లేకపోవడం తప్పు కాదు. ఇరవై రెండేళ్లకే అలాంటి పరీక్ష ఎదురై ఉండకపోవచ్చు. కానీ ఉద్యోగంలో చేరాక అది ఎదురవడానికి ఎంతో కాలం పట్టదు. చేయని టెస్టింగ్ చేసినట్టు షీటులో టిక్ పెట్టమంటారు. ఆడిట్‌కి ముందు పాత తేదీ వేసి సంతకం చేయమంటారు. రాని టెక్నాలజీ వచ్చని క్లయింటుకి చెప్పమంటారు. అప్పటికప్పుడు కూర్చుని ఆలోచించుకునే వ్యవధి ఉండదు. అందుకే ఏం కావాలనుకుంటున్నారో రాసుకున్నట్టే, ఏ పని మాత్రం చేయకూడదనుకుంటున్నారో కూడా కెరీర్ మొదట్లోనే తేల్చుకోవాలి. విలువలు మాటల్లోంచి పనిలోకి వచ్చేది అక్కడే.

ఉస్మానియా ఇంజినీరు చూపిన దారి

దినేశ్ ఠాకూర్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కెమికల్ ఇంజినీరింగ్ చదివారు. అమెరికాలో పై చదువులు పూర్తిచేసి, అక్కడే ఒక పెద్ద మందుల కంపెనీలో పనిచేశారు. 2003లో భారతీయ ఔషధ కంపెనీ రాన్‌బాక్సీలో చేరారు. మరుసటి ఏడాది పై అధికారి ఆయనకు ఒక పని అప్పగించారు. మందుల అనుమతుల కోసం వివిధ దేశాల నియంత్రణ సంస్థలకు కంపెనీ ఇచ్చిన పరీక్షల వివరాల్లో నిజమెంతో చూడమన్నారు. తవ్వేకొద్దీ కల్పించిన డేటా బయటపడింది. నివేదిక బోర్డు సభ్యుల దాకా వెళ్లింది. పని అప్పగించిన అధికారి రాజీనామా చేశారు. 2005లో ఠాకూర్ కూడా బయటికి వచ్చి, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి విషయం తెలియజేశారు.

ఫలితం తేలడానికి ఎనిమిదేళ్లు పట్టింది. 2013 మేలో కంపెనీ అమెరికాలో నేరం ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. అక్కడి చట్టం ప్రకారం అందులో 4.8 కోట్ల డాలర్లకు పైగా ఠాకూర్ వాటాగా దక్కింది. ఆ తర్వాతా ఆయన ఊరుకోలేదు. భారత్‌లో మందుల నాణ్యత నియంత్రణ ఎంత బలహీనంగా ఉందో వివరిస్తూ 2022లో న్యాయవాది ప్రశాంత్ రెడ్డితో కలిసి ‘ద ట్రూత్ పిల్’ అనే పుస్తకం రాశారు.

కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్లు ఈ కథలో ధైర్యంతో పాటు పద్ధతినీ గమనించాలి. ఆయన ఆవేశపడి మెయిల్ కొట్టలేదు. దొరికిన ప్రతిదాన్నీ కాగితం మీద పెట్టారు. ముందు కంపెనీ లోపలి దారినే వెళ్లారు. అది మూసుకుపోయాకే బయటి తలుపు తట్టారు. ఆ లోపలి దారి ఇప్పుడు చట్టంలోనే ఉంది. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన ప్రతి కంపెనీలోనూ ఉద్యోగులు తప్పులను భయం లేకుండా తెలిపే ఏర్పాటు ఉండాలని 2013 కంపెనీల చట్టంలోని 177వ సెక్షన్ చెబుతోంది. చేరిన వారంలోనే కంపెనీ ఇంట్రానెట్‌లో విజిల్ బ్లోయర్ పాలసీ వెతికి చదువుకోవడం మంచిది.

ఒంటరిగా ముందుకెళితే ప్రమాదమూ ఉంటుంది. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన సత్యేంద్ర దూబే జాతీయ రహదారుల పనుల్లో అవినీతి జరుగుతోందని, తన పేరు బయటపెట్టొద్దని కోరుతూ ప్రధానికి లేఖ రాశారు. పేరు దాగలేదు. 2003 నవంబరు 27న గయలో ఆయన్ని కాల్చి చంపారు. ఆ హత్య రేపిన ఆగ్రహమే 2014 నాటి విజిల్ బ్లోయర్ల రక్షణ చట్టానికి దారితీసింది. పెద్ద తప్పు కంటపడినప్పుడు ఆధారాలు భద్రపరచుకుని, న్యాయవాదితోనో నమ్మకమైన సీనియర్‌తోనో మాట్లాడాకే అడుగు వేయాలి.

ఒక్కరు తోడుంటే

1950లలో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త సాలమన్ ఆష్ ఒక తేలికైన ప్రయోగం చేశారు. మూడు గీతల్లో ఏది నమూనా గీతంత పొడవుందో చెప్పాలి. జవాబు కళ్లెదుటే ఉంటుంది. కానీ ముందు మాట్లాడినవాళ్లంతా, ముందస్తు ఒప్పందం ప్రకారం, తప్పు చెబుతారు. అప్పుడు నలుగురిలో దాదాపు ముగ్గురు కనీసం ఒక్కసారైనా ఆ తప్పుకే వంతపాడారు. గుంపులో ఒక్కరు నిజం చెప్పినా అలా లొంగిపోవడం బాగా తగ్గిపోయింది. ఆఫీసులో మనసులో మాట చెప్పుకోగల ఒక్క సహోద్యోగిని సంపాదించుకోవడం ఇందుకే ముఖ్యం.

మాటను ముందే సాధన చేయడం రెండో ఉపాయం. అమెరికా అధ్యాపకురాలు మేరీ జెంటైల్ ‘గివింగ్ వాయిస్ టు వేల్యూస్’ పేరుతో రూపొందించిన కోర్సు సారం ఇదే. ఏది ఒప్పో చాలామందికి తెలుసు, దాన్ని ఎలా చెప్పాలో తెలియకే నోరు మెదపరు. కాబట్టి ఎవరితో, ఎప్పుడు, ఏ మాటల్లో చెప్పాలో విద్యార్థులతో పలికిస్తారు. టిక్ పెట్టమన్న మేనేజరుతో ‘నేను అబద్ధం రాయను’ అంటే గొడవే మిగులుతుంది. ‘సార్, ఈ రెండు కేసులూ ఇంకా రన్ చేయలేదు. రేపు మధ్యాహ్నానికి పూర్తిచేసి ఇస్తాను. అప్పటిదాకా పెండింగ్ అని పెడతాను’ అంటే పనీ ఆగదు, అబద్ధమూ రాయక్కర్లేదు.

ముఖపరిచయం నమ్మేది రాతనే

దగ్గరి స్నేహితుల కన్నా అంతంతమాత్రం పరిచయం ఉన్నవాళ్ల ద్వారానే ఉద్యోగాల కబురు ఎక్కువగా అందుతుందని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ఒక వ్యాసంలో వివరించారు. దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది, దూరపువాళ్ల చుట్టూ ఉండే మనుషులు వేరు. లింక్డ్‌ఇన్‌లో సుమారు 2 కోట్ల మంది మీద అయిదేళ్ల పాటు జరిగిన ప్రయోగాల ఫలితాలు 2022లో ‘సైన్స్’ పత్రికలో వెలువడ్డాయి. ఉద్యోగం మారడానికి ఓ మోస్తరు పరిచయాలే ఎక్కువగా తోడ్పడ్డాయని వాటిలోనూ తేలింది.

ఆ ఓ మోస్తరు పరిచయస్తుడికి అభ్యర్థి గురించి తెలిసేది ప్రొఫైల్‌లో రాసిందే. దాన్ని నమ్మి రెఫరల్ ఇస్తే ఆఫీసులో పణంగా పెట్టేది తన పేరు. ఇంటర్న్‌షిప్‌లో డేటా ఎంట్రీ చేసి ‘ప్రాజెక్టును నడిపించాను’ అని రాసుకుంటే, నలుగురు చేసిన ప్రాజెక్టును ఒక్కరే చేసినట్టు పెడితే మోసపోయేది ఆ రెఫరల్ ఇచ్చిన మనిషి. కలిసి పనిచేయని వ్యక్తికి స్నేహం కొద్దీ రికమెండేషన్ రాయడమూ అంతే.

ఇక ఫేక్ ఎక్స్‌పీరియన్స్. లేని కంపెనీ పేరుతో మూడేళ్ల అనుభవం, పే స్లిప్పులు, ఇంటర్వ్యూకి ప్రాక్సీ, అన్నీ ప్యాకేజీగా అమ్మే కన్సల్టెన్సీలున్నాయి. ‘అందరూ పెడుతున్నారు’ అన్న మాటే వాటి పెట్టుబడి. ఉద్యోగి పీఎఫ్ నంబరు (యూఏఎన్) కింద ఏ సంస్థలో ఏ నెల నుంచి ఏ నెల దాకా పనిచేసిందీ కనిపిస్తుంది కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఇవి దొరికిపోతాయి. నకిలీ అనుభవ పత్రాలతో చేరినవాళ్లను తొలగించామని యాక్సెంచర్ ఇండియా 2022లో బహిరంగంగానే ప్రకటించింది. దొరకనివాళ్ల మాటేమిటి? అబద్ధంతో చేరినవాళ్లు రాని పనిని రాదని చెప్పలేరు, నేర్పమని అడగలేరు. ఫ్రెషర్‌కి ఉండే ఆ వెసులుబాటును వాళ్లు చేజేతులా పోగొట్టుకుంటారు.

ఆన్‌లైన్ పరిచయాల్లో గౌరవం నిలిపే అలవాట్లు చిన్నవే. అందరికీ ఒకే మెసేజ్ పంపకుండా, ఎదుటివారి పని గురించి చదివి ఒక్క స్పష్టమైన ప్రశ్న అడగాలి. వాళ్ల సలహా ఏమైందో తిరిగి చెప్పాలి. తన అర్హతకు సరిపడని నోటిఫికేషన్‌ను సరిపోయే మిత్రుడికి పంపాలి. డిపాజిట్ అడిగే ఉద్యోగ ప్రకటన మోసమని గ్రహిస్తే గ్రూపులో హెచ్చరించాలి.

సర్టిఫికెట్ కోసమే అయితే

జాతీయ సేవా పథకం, అందరూ పిలుచుకునే ఎన్‌ఎస్‌ఎస్, గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో సుమారు 40 వేల మంది విద్యార్థులతో మొదలైంది. రెండేళ్లలో 240 గంటల సేవ, ఒక ఏడు రోజుల ప్రత్యేక శిబిరం దాని నియమం. చేయని గంటలు రిజిస్టరులో ఎక్కించుకోవడం, చీపురు పట్టుకుని ఫొటో దిగి వెళ్లిపోవడం కూడా జరుగుతూనే ఉంటాయి. సేవలో అబద్ధపు హాజరుకు అలవాటుపడిన చెయ్యి టైమ్‌షీట్ దగ్గర ఆగదు.

పరీక్షల్లో చూపులేని విద్యార్థులకు స్క్రైబ్‌గా వెళ్లడం ఎంత కఠినమైన శిక్షణో చేసినవాళ్లకు తెలుసు. అభ్యర్థికి గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇస్తారు. మూడు గంటల పేపరంటే నాలుగు గంటలు కూర్చోవాలి. సరైన జవాబు తెలిసినా రాయకూడదు, అభ్యర్థి చెప్పిందే, చెప్పినట్టే రాయాలి. జాలితో ఒక్క మార్కు కలిపినా అది ఆ విద్యార్థి సామర్థ్యాన్ని అవమానించినట్టే. ఇంటి నుంచే సేవ చేయాలనుకునేవాళ్లకు 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఉంది. ప్రతి వాక్యానికీ ఆధారం చూపడం, సొంత సంస్థ గురించి డబ్బా కొట్టకపోవడం అక్కడి నియమాలు. ఎవరు ఏం మార్చారో చరిత్రలో నిలిచిపోతుంది. ఒక్కరోజు హడావుడి కన్నా వారానికి రెండు గంటల చొప్పున ఏడాది పాటు చేసిన పనికే విలువెక్కువ, ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికైనా సరే.

ఒక పేజీ, కొంత పొదుపు

విలువలు తేల్చుకోవడానికి ఒక పేజీ చాలు. గర్వపడ్డ సందర్భాలు రెండు, సిగ్గుపడ్డ సందర్భాలు రెండు గుర్తుచేసుకుంటే ఏది ముఖ్యమో తెలిసిపోతుంది. వాటిలోంచి మూడు విలువలు ఎంచుకుని, ఒక్కోదాని ఎదురుగా తప్పక చేసే పని ఒకటి, ఎట్టి పరిస్థితుల్లోనూ చేయని పని ఒకటి రాసుకోవాలి. ‘క్రెడిట్ సరిగ్గా పంచుతాను, ఇతరుల కోడ్ నాదని చెప్పను’ అన్నంత స్పష్టంగా ఉండాలి.

ఎడ్యుకేషన్ లోను, ఇంటి అద్దె, చెల్లెలి ఫీజు మోసే మొదటితరం ఉద్యోగికి ‘నచ్చకపోతే మానేయ్’ అన్న సలహా అన్యాయం. కుటుంబ బాధ్యత కూడా విలువే. జీతం మొదలైన నాటి నుంచి మూడు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు విడిగా జమచేసుకుంటే, ‘కాదు’ అనాల్సిన రోజున గొంతు వణకదు.

కంపెనీని ఎంచుకునే వీలుంటే ఇంటర్వ్యూ చివర ‘మీరేమైనా అడుగుతారా?’ అన్నప్పుడు మూడు సంగతులు అడగొచ్చు. డెడ్‌లైన్ తప్పిపోతుందని తెలిసినప్పుడు టీమ్ క్లయింటుకి ఏమని చెబుతుంది? జూనియర్ తప్పు ఎత్తిచూపిన సందర్భం ఈమధ్య ఏదైనా ఉందా, అప్పుడేం జరిగింది? అప్రైజల్‌లో అంకెలు కాక ఇంకేం చూస్తారు? సూటిగా ఒక ఉదాహరణ చెప్పిన మేనేజరు దగ్గర చేరడం మేలు. మాట దాటవేస్తే, ఆఫర్ లెటర్ మీద సంతకం చేసే ముందు ఆ కంపెనీలో పనిచేసి వచ్చిన ఒకరిద్దరితో మాట్లాడి చూడాలి.