సాధారణ తరగతిలో ప్రత్యేక అవసరాల పిల్లలు

ఉక్తలేఖనంలో ఉపాధ్యాయుడు 'బడి' అని చెప్పగా, వెనుక వరుసలోని ఒక బాలిక 'మడి' అని వ్రాసిందనుకుందాం. మరొకసారి 'పడి' అని వ్రాసింది. ఆమెకు శ్రద్ధ లేదనో, మందబుద్ధి అనో నిర్ణయించడం తేలిక. కాని ప, బ, మ అనే మూడింటినీ మనం పెదవులు కలిపే పలుకుతాము. చెవి సరిగా వినిపించక, ఎదుటివారి పెదవులను చూచి మాటను గ్రహించేవారికి ఆ మూడూ ఒక్కటిగానే కనిపిస్తాయి. ఆ బాలిక తనకు కనిపించినదానినే వ్రాసింది. లోపం వినికిడిలో ఉన్నది గాని బుద్ధిలో లేదు. ఈ సంగతి గుర్తించనంతవరకు ఆమె తరగతిలో ఉండి కూడ తరగతికి వెలుపలే ఉంటుంది.

వైకల్యం గల పిల్లలను వీలైనంతవరకు సాధారణ పాఠశాలలలోనే చదివించాలని 1964-66 నాటి కొఠారీ కమిషన్ సూచించింది. ఈ ఆశయంతో కేంద్ర ప్రభుత్వం 1974లో సమీకృత విద్యా పథకాన్ని ప్రారంభించింది. 1995 నాటి చట్టం ఈ పిల్లలకు 18 ఏళ్ల వయస్సు వరకు ఉచిత విద్యకు హామీ ఇచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2016 నాటి చట్టం 21 రకాల వైకల్యాలను పేర్కొని, అందరినీ కలుపుకొని బోధించే బాధ్యతను విద్యాసంస్థలపై ఉంచింది. అయితే చట్టం వల్ల బడిలో చోటు దొరుకుతుంది. చదువు అబ్బడం మాత్రం బోధనా విధానంపై ఆధారపడి ఉంటుంది.

ఇందుకు పెద్ద వ్యయం అక్కరలేని మార్గాలు కొన్ని ఉన్నాయి. వినికిడి లోపమున్న పిల్లలను ముందు వరుసలో కూర్చుండబెట్టాలి. ఉపాధ్యాయుడు తన ముఖంమీద వెలుతురు పడేచోట, వారికి అభిముఖంగా నిలిచి మాట్లాడాలి. నల్లబల్లవైపు తిరిగి మాట్లాడరాదు. 'బడి' అని విడిగా అనక, 'పిల్లలు బడికి వెళ్లారు' అంటే సందర్భాన్నిబట్టి మాట బోధపడుతుంది. చూపు మందగించిన పిల్లలకు బల్లమీది ప్రతి మాటనూ పైకి చదివి వినిపించాలి. ప, ష, వ వంటి పోలికగల అక్షరాలను తరచు తారుమారు చేసేవారిచేత ఒక్కొక్క అక్షరాన్నే ఇసుకలో దిద్దించాలి. తెలిసినదానిని నోటితో చెప్పే అవకాశమూ ఇవ్వాలి. నెమ్మదిగా నేర్చుకొనేవారికి కూడికలను చింతగింజలతో, నాణేలతో మెట్టుమెట్టుగా నేర్పాలి.

ఇవేవీ మిగిలిన పిల్లల చదువుకు ఆటంకం కావు. పైగా వారికీ పాఠం మరింత స్పష్టమవుతుంది. అలాగని భారమంతా ఒక్క ఉపాధ్యాయునిపైనే మోపరాదు. అనుమానం కలిగిన వెంటనే తల్లిదండ్రులతో మాట్లాడి వైద్య పరీక్ష చేయించాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోని భవిత కేంద్రాల ప్రత్యేక ఉపాధ్యాయుల సహాయం పొందాలి. జాలిపడి ఆ పిల్లలను ప్రశ్నలడగకుండా వదలివేయడం కూడ ఒక విధమైన వెలివేతేనని గ్రహించాలి.

అంధుల చదువుకోసం మన దేశం 1951లో భారతి బ్రెయిలీని స్వీకరించింది. లిపులు వేరైనా 'క' అనే ధ్వనికి తెలుగులోనూ, హిందీలోనూ, బెంగాలీలోనూ వేలికి తగిలేవి అవే రెండు చుక్కలు. ఏ భాష తన ప్రత్యేకతను కోల్పోకుండానే అన్నింటికీ ఒక ఉమ్మడి దారి ఏర్పడింది. తరగతి గదిలోనూ మనం కోరవలసినది ఇదే. పిల్లలందరూ ఒకే తీరున నేర్చుకోనక్కరలేదు. అందరికీ పాఠం అందాలి. రేపటి పాఠం ప్రారంభించే ముందు ప్రతి ఉపాధ్యాయుడూ ఒకసారి వెనుక వరుసవైపు చూచి, అక్కడివారికి తన మాట వినిపిస్తున్నదో లేదో తెలుసుకొనుట మంచిది.