గ్రామమునందు కంప్యూటరు మరమ్మతు వృత్తి
పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

శ్రీ సిటీ పారిశ్రామిక నగరము 2008వ సంవత్సరమున వెలసినప్పటి నుండి సత్యవేడు, వరదయ్యపాళెము మండలముల గ్రామములలో జీవనవిధానము మారినది. పెద్ద కర్మాగారములకు కంప్యూటర్లను చూచుకొను ఇంజనీర్లు వేరుగా ఉందురు. కాని వాటి చెంత వెలసిన లారీ ఆఫీసులు, హాస్టళ్లు, మందుల దుకాణములు, అట్లే మన బడులు, పంచాయతీ కార్యాలయములు ఒకటి రెండు యంత్రములతోనే పని నడుపుకొనుచున్నవి. అందులో ఒకటి మొరాయించినచో దానిని మోసికొని సూళ్లూరుపేటకో, చెన్నైకో పోవలసివచ్చును. పని నేర్చిన యువకుడుగాని, యువతిగాని గ్రామముననే స్వతంత్రముగా ఈ వృత్తిని సాగించినచో వారికి జీవనోపాధియు, గ్రామమునకు సౌకర్యమును చేకూరును.

అయితే పనితనమొక్కటే ఈ వృత్తిని నిలుపజాలదు. మరమ్మతుదారునికిని ఖాతాదారునికిని నడుమ నమ్మకము నిలువవలెను. నమ్మకము పరిచయము వలన గాక, స్పష్టమైన ఒప్పందము వలన నిలుచును.

ముందు చెప్పుట, వ్రాసియిచ్చుట

యంత్రమును తీసికొనునపుడే దాని పేరు, సంఖ్య, ఖాతాదారు చెప్పిన లోపము, తేదీ రసీదుపై వ్రాసి ఒక ప్రతిని ఇయ్యవలెను. పరీక్షించుటకు ఎంత, బాగుచేయుటకు ఎంత, విడిభాగమునకు ఎంత అనునది వేరువేరుగా తెలుపవలెను. కొత్త భాగమును కొనుటకు ముందు అనుమతి పొంది, తీసివేసిన పాత భాగమును తిరిగి అప్పగించినచో అనుమానమునకు తావుండదు. చేతకాని పనిని చేతకాదని చెప్పుటయు మంచి వ్యాపారమే.

పాడైనప్పుడు పిలుచుట కంటె సంవత్సరపు ఒప్పందము ఉభయులకును మేలు. మన ప్రాంతమున అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనముల వానలు కురియును. వానలకు ముందే ఎర్తింగును, యూపీఎస్ బ్యాటరీని పరీక్షించుట అవసరము. విండోస్ 10కు మైక్రోసాఫ్టు సంస్థ ఇచ్చు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. ఇట్టి సంగతులను అడుగకముందే తెలుపువాడు ఖాతాదారునకు ఆప్తుడగును.

సమాచారము, సంతకము

ఒక ఉదాహరణ తీసికొందము. పంచాయతీ కంప్యూటరు ఆగిపోయినది. మరమ్మతుదారుడు నకలు తీయకయే డిస్కును తుడిచివేసి దానిని నడిపించెను. యంత్రము బాగైనది, కాని ఇంటిపన్ను జాబితా పోయినది. అడుగక తుడిచినవాని తప్పు ఎంతయో, సమాచారము భద్రపరచవలెనని రసీదులో వ్రాయించని వారి తప్పును అంతయే. కావున ముఖ్యమైన దస్త్రములకు రెండు నకళ్లు ఉంచి, అందొకటి వేరొక చోట భద్రపరచవలెను.

అంతకంటె ముఖ్యమైనది డిజిటల్ సంతకము. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామ స్వరాజ్ ద్వారా జరుగు చెల్లింపులకు అది వినియోగింపబడుచున్నది. ఆ పరికరము చిన్నదే యైనను పంచాయతీ ధనపేటికకు తాళపుచెవి వంటిది. మరమ్మతుదారుడు ఎంతటి ఆత్మీయుడైనను దానిని, దాని రహస్య సంఖ్యను, ఫోనుకు వచ్చు ఓటీపీని అతని చేత పెట్టరాదు. మంచి మరమ్మతుదారుడు వాటిని అడుగనే అడుగడు. ఒకరి ఎలక్ట్రానిక్ సంతకమునుగాని, పాస్‌వర్డునుగాని మోసముతో వాడుట సమాచార సాంకేతిక చట్టము 66సి సెక్షను క్రింద నేరము. దానికి మూడేండ్ల వరకు కారాగారము, లక్ష రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. ధనము పోయినట్లు తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను.

బాకీ నిలుపరాదు

“మనవాడే గదా, తరువాత చూతము” అను మాట ఈ వృత్తికి గొడ్డలిపెట్టు. మరమ్మతుదారుడు విడిభాగములను రొక్కమిచ్చి కొనవలెను. పంచాయతీ బిల్లు నెలల తరబడి నిలిచినచో అతని పెట్టుబడి అక్కడనే చిక్కుకొనును. తుదకు అతడు చెన్నైలో కొలువు వెదకికొనును, మన యంత్రము మరల మూలబడును. కావున రసీదు ప్రకారము సకాలమున చెల్లించుట దయ కాదు, బాధ్యత. సభ్యుల ఇండ్లలోని సొంత పనులను ఉచితముగా చేయించుకొనుటయు తగదు.

పంచాయతీ చేయదగిన సాయము

ఐటీఐలలోని కంప్యూటరు ఆపరేటరు, ప్రోగ్రామింగు అసిస్టెంటు కోర్సును గూర్చి యువతకు తెలుపవచ్చును. 2020 జూలై 1న మొదలైన ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. 2015లో ప్రారంభమైన ముద్రా పథకమున శిశు విభాగము క్రింద 50,000 రూపాయల వరకు రుణము లభించును. ఈ సంగతులను గ్రామసభలో చదివి వినిపింపవలెను.

రాబోవు సమావేశమున మీ కార్యాలయపు కంప్యూటరు ఎవరి చేతిలో ఉన్నది, ఒప్పందము వ్రాతలో ఉన్నదా, నకలు ఎక్కడ ఉన్నది, బాకీ ఎంత అను నాలుగు ప్రశ్నలను చర్చింపుడు. వాటికి సమాధానము దొరికిన గ్రామమున పంచాయతీ సొమ్మునకు రక్షణయు, ఒక యువకుని వృత్తికి ఆధారమును ఒక్కసారిగా సమకూరును.