రాకీ పర్వతములలో వేటవిద్య

అమెరికా సంయుక్తరాష్ట్రముల పశ్చిమభాగమున రాకీ పర్వతపంక్తి ఉత్తరదక్షిణములుగా వ్యాపించియున్నది. మొంటానా, వయోమింగు, కొలరాడో మొదలగు రాష్ట్రములు ఈ కొండలనడుమ నెలకొన్నవి. ఆ కొండవాలులయందు దేవదారుజాతి వృక్షములును, శరత్కాలమున ఆకులు పసుపువన్నెకు మారు ఆస్పెను చెట్లును, విశాలములగు పచ్చికబీళ్లును కలవు. అక్టోబరు మాసము గడచుచుండగా శిఖరములపై మంచు కురియుట కారంభించును. అప్పుడు అచటి పల్లెలలో ఒక సందడి పుట్టును. తాత తన పాత రైఫిలు తుపాకిని తుడిచి నూనె రాయును. తల్లి ఉన్నిదుస్తులను వెలికితీయును. పండ్రెండేండ్ల బాలబాలికలు తమపేర వచ్చిన లైసెన్సును మాటిమాటికి చూచి మురియుదురు. అది ఎల్కు మృగములను, దుప్పులను వేటాడుకాలము.

ఎల్కు దుప్పిజాతికి చెందినది. చూచుటకు మన అడవులలోని కణుజును కొంత పోలియుండును. ఉత్తర అమెరికాలోని దుప్పిజాతులలో మూసు అను మృగము తరువాత ఇదియే పెద్దది. మగయెల్కు మూఁపుకడ అయిదడుగుల యెత్తుండును. మున్నూఱు కిలోల బరువు తూఁగును. మగదాని తలపై కొమ్మలుగా చీలిన గొప్ప కొమ్ములుండును. ఈ కొమ్ములు ప్రతివసంతమున రాలిపోయి మరల క్రొత్తగా మొలచును. సెప్టెంబరు మాసమున మగయెల్కులు ఈలవలె సన్నగా సాగి, పిదప గర్జనగా ముగియు కూఁతలు కూయును. ఆ ధ్వని లోయలలో ప్రతిధ్వనించును. షానీ అను ఆదివాసులు దీనికి ‘వాపిటి’ యని పేరిడిరి. తెల్లనిపిరుదులు కలదని ఆ మాటకర్థము. ఈ కొండలలోనే కంచరగాడిదచెవులవంటి చెవులు గల దుప్పియు, బెదరినపుడు తెల్లనితోకను జెండావలె ఎత్తి పరుగిడు దుప్పియు సంచరించును.

తుపాకి రాకమునుపు వేలయేండ్లనుండి ఆ భూమిపై నివసించిన ఆదివాసులు ఈ మృగములను వేటాడిరి. మాంసము వారికాహారము, చర్మము వారికి వస్త్రము. క్రో జాతి స్త్రీలు ఎల్కుదంతములను తమ దుస్తులపై అలంకారముగా కుట్టుకొనిరి. 1805-06 శీతకాలమున పసిఫిక్ సముద్రతీరము చేరిన లూయీ, క్లార్కు అను అన్వేషకుల బృందము ప్రధానముగా ఎల్కు మాంసముతోనే ప్రాణములు నిలుపుకొనినది.

పందొమ్మిదవ శతాబ్దమున పరిస్థితి మారినది. మాంసమును, చర్మములను నగరములకు పంపి ధనమార్జించువారు లెక్కలేని మృగములను చంపిరి. కొందఱు దంతములకొఱకే చంపి కళేబరములను విడిచిపోయిరి. మేఁతబీళ్లు పొలములయ్యెను. ఒకప్పుడు ఆ ఖండమున కోటి ఎల్కులుండెనని శాస్త్రజ్ఞుల అంచనా. 1900 ప్రాంతమునకు అవి లక్షకు లోఁబడిపోయెను. తూర్పురాష్ట్రములలోని ఎల్కు సమూలముగా నశించెను.

ఈ వినాశమును గాంచి మొదట మేల్కొనినవారిలో వేటగాండ్రును కలరు. థియొడారు రూజువెల్టు మొదలగువారు 1887లో బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బును స్థాపించిరి. మృగమునకు తప్పించుకొను అవకాశమీయక చంపుట వేట కాదని ఆ సంఘము చాటెను. అక్రమముగా చంపిన మృగములను ఒక రాష్ట్రమునుండి వేఱొకరాష్ట్రమునకు పంపి అమ్ముటను 1900లో లేసీ చట్టము నిషేధించెను. వయోమింగులోని జాక్సన్ లోయలో తీవ్రశీతకాలములందు వేలకొలఁది ఎల్కులు మేఁతలేక మరణింపఁగా, 1912లో అచట ఎల్కుల ఆశ్రయస్థలము ఏర్పడెను. దశాబ్దములుగా ఆ ప్రాంతపు బాలభటులు వసంతమున అచట రాలిపడిన కొమ్ములనేరి వేలమునకు సిద్ధపఱచుచున్నారు. వచ్చిన సొమ్ములో పెద్దభాగము ఆశ్రయస్థలమునకే చెందును. 1937 నాఁటి పిట్మన్-రాబర్ట్సన్ చట్టమునుబట్టి రైఫిళ్లపైనను తూటాలపైనను వసూలగు నూటికి 11 వంతుల సుంకము వన్యప్రాణిరక్షణకై రాష్ట్రములకు చేరును. ఇట్టి ప్రయత్నములచేత నేఁడు ఉత్తర అమెరికాలో ఎల్కుల సంఖ్య సుమారు పదిలక్షలకు పెరిగినది.

ఇప్పుడు అచట వేట ఇచ్చవచ్చినట్లు సాగునది కాదు. ఎన్ని మృగములను, ఏ కాలమున, ఏ ప్రదేశమున వేటాడవచ్చునో రాష్ట్రప్రభుత్వమే ఏటేట నిర్ణయించును. మొంటానాలో 1985 జనవరి 1 తరువాత పుట్టినవారు వేటశిక్షణలో ఉత్తీర్ణులైననేగాని లైసెన్సు పొందఁజాలరు. పది మొదలు పదునేడేండ్లవఱకు గల పిన్నలు శిక్షణకు ముందే వేట నేర్చుకొనఁగోరినచో, ఇరువదియొకయేండ్లు నిండిన పెద్దయొకరు తోడుండవలెను. సూర్యోదయమునకు అరగంట ముందునుండి సూర్యాస్తమయమునకు అరగంట తరువాతివఱకే వేటాడవలెను. ఇతరుల భూమిలో వారి అనుమతిలేక వేటాడరాదు. తుపాకివేటకు పోవువారు నడుమునకు పైభాగమున ప్రకాశించు నారింజవన్నె వస్త్రము ధరింపవలెను. దుప్పులకు ఆ రంగు మనకువలె స్ఫుటముగా కానరాదు. తోడివేటగానికిమాత్రము దూరమునుండియే కనఁబడును.

శిక్షణలో బాలురకు ముందుగా నేర్పు సూత్రములు నాలుగు. ప్రతి తుపాకియు గుండు నింపియున్నదనియే భావింపవలెను. గొట్టపుమొనను సదా అపాయములేని దిక్కునకే త్రిప్పియుంచవలెను. గుఱి యేమో, దాని వెనుక నేమున్నదో రూఢిగా తెలిసికొనవలెను. కాల్చుటకు నిశ్చయించుకొనువఱకు వ్రేలిని మీటపై పెట్టరాదు. వినుటకు ఇవి స్వల్పములు, ఆచరణయందు కఠినములు.

పండ్రెండేండ్ల మనుమరాలిని వెంటఁగొని ఒక తాత ఎల్కువేటకు వెడలినాఁడనుకొందము. చీకటిలోనే వారు బయలుదేరుదురు. తాత మొదట నేర్పునది తుపాకి కాల్చుట కాదు, గాలి నెఱుఁగుట. ఎల్కు ఘ్రాణశక్తి మిక్కిలి తీక్ష్ణమైనది. తెల్లవాఱుజామున చల్లనిగాలి బరువెక్కి కొండవాలునుండి క్రిందికి జాఱును. ఎండయెక్కినకొలఁది గాలి వేఁడెక్కి పైకి ప్రాఁకును. కావున ఉదయమున మృగమునకు దిగువనుండియు, మధ్యాహ్నమున ఎగువనుండియు సమీపింపవలెను. మెత్తని నేలపైని గిట్టలజాడ, నమలిన కొమ్మల కొనలు, మంచుపై మృగము పరుండిన పల్లము, ఇవియన్నియు ఆ బాలికకు అక్షరములు. ఎలుఁగుబంట్లు తిరుగు అడవి గనుక పరిసరముల నేమఱక చూచుకొనుటయు నేర్వవలెను.

నాలుగుగంటలు నడచిన పిదప కొండకొమ్మున ఒక మగయెల్కు నిలిచియుండును. ఉదయకాంతిలో దాని కొమ్ములు మెఱయుచుండును. దూరము అనుకూలము, గాలి అనుకూలము. బాలిక తుపాకినెత్తి గుఱి చూచును. గుండె వేగముగా కొట్టుకొనును.

“దాని వెనుక నేమున్నదమ్మా?” అని తాత మెల్లగా అడుగును.

“ఆకాశము, తాతా!” అని బాలిక బదులుచెప్పును.

చెప్పిన మఱుక్షణముననే ఆమె తుపాకి దింపును. గుఱి తప్పినయెడల గుండు కొండకావలికి కొన్ని కిలోమీటర్లు పోఁగలదు. అచట వేఱొక వేటగాఁడుండవచ్చును; గొఱ్ఱెలకాపరి యుండవచ్చును. మట్టికట్ట వెనుకనుండిననేగాని కాల్చరాదు. ఎల్కు కొండ దాఁటి అదృశ్యమగును. ఆ దినమున వారు రిక్తహస్తములతో తిరిగివత్తురు. కాని తాత ఆ రాత్రి ఇంటిలో అందఱికిని గర్వముతో చెప్పునది ఆ తుపాకి దింపిన సంగతియే.

ఈ సూత్రము మనకు క్రొత్తది కాదు. రామాయణమున దశరథుని కథ మనమెఱుఁగుదుము. యౌవనమున శబ్దవేధియందు ఆరితేఱిన ఆ రాజు సరయూతీరమున చీకటిలో పొంచియుండి, కడవ మునిఁగిన ధ్వని విని ఏనుఁగు నీరు త్రాగుచున్నదని భ్రమించి బాణమేసెను. కూలినది ఏనుఁగు కాదు, అంధులగు తల్లిదండ్రులకు నీరు తెచ్చుటకు వచ్చిన మునికుమారుఁడు. ఆ రాజునకు నేర్పు కొఱఁత లేదు. చూచి తెలిసికొను ఓర్పు ఆ క్షణమున లోపించినది. పుత్రశోకముచేత మరణింతువను శాపము ఆయనను తుదివఱకు వెంటాడెను.

మఱియొకదినమున ఆ బాలికకు అవకాశము లభింపవచ్చును. ఆఁడయెల్కు ఒకటి వాలుపై ప్రక్కకు తిరిగి నిలుచును. దాని వెనుక మట్టిగట్టుండును. ఒక్కగుండుతో అది కూలును. అప్పుడు పెక్కుమంది పిల్లలు సంతోషించుటకు మాఱుగా కన్నీరు పెట్టుకొందురు. తెలివిగల పెద్దలు దానికి నవ్వరు, మందలింపరు. ప్రాణము తీయుట చిన్నపని కాదని తెలిసినవాఁడే తరువాత జాగ్రత్తగా గుఱి చూచును. మృగము గాయపడి పాఱిపోయినచో, సాయంకాలమైనను అలసినను, జాడపట్టి వెదకుట వేటగాని ధర్మము.

తరువాతిపని కఠినమైనది. అనుమతిచీటీని వెంటనే గుఱుతుపెట్టవలెను. మాంసము చెడకుండ త్వరగా చల్లార్చి, ఖండములుచేసి, వీఁపున మోసికొని కొండ దిగవలెను. తినఁదగిన మాంసమును వ్యర్థము చేయుట మొంటానాలో నేరము. ఒక పెద్ద మృగమువలన లభించు మాంసము ఒక కుటుంబమునకు నెలలతరబడి వచ్చును. ఇటీవల దుప్పుల నొక ప్రాణాంతకవ్యాధి పీడించుచున్నది. మొంటానాలోని అడవిదుప్పులలో అది 2017లో బయటపడినది. కావున వేటగాండ్రు మృగముల గ్రంథులను పరీక్షకై అధికారులకిచ్చి శాస్త్రజ్ఞులకు తోడ్పడుదురు.

మనదేశమున సంగతి వేఱు. 1972 నాఁటి వన్యప్రాణి సంరక్షణచట్టము జింకలను, దుప్పులను, కణుజులను వేటాడుటను నిషేధించినది. ఆంధ్రప్రదేశమునకు కృష్ణజింకయు, తెలంగాణమునకు చుక్కలదుప్పియు రాష్ట్రమృగములు. నల్లమల అడవిలో దుప్పిని చూడఁగోరువాఁడు కన్నులతోనే తృప్తిపడవలెను. ఒకదేశము మితమైన వేటవలనను, మఱియొకదేశము నిషేధమువలనను మృగజాతిని నిలుపఁజూచుచున్నవి. మార్గములు వేఱైనను రెంటికిని మూలము ఒక్కటియే: మనుష్యుని చేతికి హద్దుండవలెను.

రాకీ పర్వతములలోని పిల్లలు గాలిని, జాడను, ఓర్పును, శ్రమను నేర్చుకొందురు. వాటన్నిటికంటె మిన్నగా, మీటపై వ్రేలుంచుటకు ముందు ఆలోచించుట నేర్చుకొందురు. శక్తి చేతికందినపుడు దానిని నిగ్రహించుకొనఁగలవాఁడే నిజమైన నేర్పరి.

ప్రశ్నలు

1. పందొమ్మిదవ శతాబ్దమున ఎల్కులు తగ్గిపోవుటకు కారణములేవి?
2. ఉదయమున మృగమునకు దిగువనుండి సమీపింపవలెననుటకు హేతువేమి?
3. బాలిక తుపాకి దింపుటను తాత ఏల మెచ్చుకొనెను? దశరథుని కథతో పోల్చి వ్రాయుఁడు.
4. వన్యప్రాణిరక్షణలో మనదేశపు మార్గమునకును అమెరికా మార్గమునకును గల భేదమును, సామ్యమును తెలుపుఁడు.