పానాకి పైపు తొడగకండి!

ఠక్!

బోల్టు తల తెగింది. తల పానాలో ఉంది. మిగతా ముక్క బండి వెనక డిఫరెన్షియల్ హౌసింగ్‌లోనే ఇరుక్కుపోయింది. ఇప్పుడు మీరేం చేస్తారు?

చాలామంది సుత్తి, ఉలి అందుకుంటారు. కొందరు బండిని తిడతారు. ఇంకొందరు పక్కనున్న హెల్పర్ కుర్రాణ్ణి తిడతారు. మీరు ఈ మూడింట్లో ఏదీ చేయరు. ఎందుకంటే మీరు మారాలనుకునే మనిషి. అలాంటివారికి విరిగిన బోల్టును మించిన ట్రైనింగ్ క్లాసు లేదని నేను గట్టిగా నమ్ముతాను.

మీకు బండి లేదా? అయినా చదవండి. చేతికి గ్రీజు అంటకపోయినా ఈ పద్ధతి మీకు పనికొస్తుంది.

ఘాట్ రోడ్డు లెక్క

ముందు ఆ డిఫరెన్షియల్ ఏంటో చూద్దాం. విశాఖ నుంచి అరకు రోడ్డు మార్గాన వెళ్లారా? ఎస్.కోట, బొడ్డవర దాటితే ఘాట్ మొదలు. త్యాడ, డముకు, అనంతగిరి, గాలికొండ... మలుపు మీద మలుపు.

ఒక్క హెయిర్‌పిన్ మలుపు తీసుకోండి. బండి పూర్తిగా వెనక్కి తిరుగుతుంది. బయటి చక్రం లోపలి చక్రం కన్నా ఎంత ఎక్కువ దూరం పోవాలి? రెండు చక్రాల మధ్య దూరం 1.4 మీటర్లు అనుకోండి. దాన్ని 3.14తో గుణించండి. దాదాపు 4.4 మీటర్లు! ఒక్క మలుపుకే అంత తేడా. ఒకే ఇరుసుకున్న రెండు చక్రాలు రెండు వేగాలతో తిరగాలి.

ఆ పని చేసిపెట్టేదే డిఫరెన్షియల్. వెనక ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా కనిపించే ఇనుప డొప్పలో ఉంటుంది. 1827లో ఫ్రాన్స్‌లో ఒనెసిఫోర్ పెకర్ అనే గడియారాల నిపుణుడు ఆవిరి బండి కోసం దీనికి పేటెంట్ తీసుకున్నాడు. మూలసూత్రం నేటికీ అదే.

ఈ ఏజెన్సీ కొండల్లో దీని మీద పడే భారం మామూలుది కాదు. సంత రోజు కమాండర్ జీపు చూడండి. లోపల జనం, పైన బస్తాలు, వెనక వేలాడుతూ ఇంకొందరు. కాఫీ కోతల కాలంలో గింజల బస్తాలు. వానాకాలంలో గెడ్డలు, అంటే కొండవాగులు, దాటడం. ఈ గెడ్డ దాటడమే అసలు దెబ్బ. ఘాట్ ఎక్కి వేడెక్కిన హౌసింగ్ ఒక్కసారిగా చల్లటి నీళ్లలో మునుగుతుంది. లోపలి గాలి కుంచించుకుపోతుంది. పైనున్న బ్రీదర్, అంటే గాలి ఆడే గొట్టం, బురదతో మూసుకుపోయి ఉంటే, ఆ హౌసింగ్ సీళ్ల సందుల్లోంచి నీళ్లు పీల్చుకుంటుంది. గేర్ ఆయిల్ పాలు కలిపిన కాఫీలా మారిపోతుంది. బయట బోల్టుల మరల్లో తుప్పు ఊరుతుంది. బోల్టు విరిగేది ఇవాళే కావచ్చు. దానికి పునాది పడింది మాత్రం కిందటి వానాకాలంలో.

ఇక్కడ జీపు ఆగిపోతే ఎవరికి నష్టం? రోడ్డు లేని గూడెం నుంచి రోగిని డోలీలో మోసుకొచ్చినవాళ్లు, రోడ్డెక్కాక ఎదురుచూసేది అలాంటి బండి కోసమే. అందుకే ఈ కొండల్లో రేకుల షెడ్డు కింద పనిచేసే మెకానిక్ అంటే నాకు అంత గౌరవం.

మీ చేతిలో పైపు ఏది?

బోల్టు ఎందుకు విరుగుతుంది? తుప్పు ఒక కారణం. తొందర రెండో కారణం. తొందరకు గ్యారేజీలో ఒక ఆకారం ఉంది. పానా చివర తొడిగే ఇనుప పైపు.

లెక్క చూడండి. తల మీద 8.8 అని ముద్ర ఉన్న 8 మి.మీ. బోల్టు బిగించడానికి సుమారు 25 న్యూటన్ మీటర్లు చాలు. అంటే పావు మీటరు పానా చివర పది కిలోల బలం. ఇప్పుడు మీటరు పైపు తొడిగి, అరవై కిలోల మనిషి దాని మీద వేలాడితే? దాదాపు 590 న్యూటన్ మీటర్లు. కావాల్సినదానికి ఇరవై రెట్ల పైమాట! ఇక బోల్టు విరగక ఏం చేస్తుంది?

మీ జీవితంలోకి రండి. పిల్లాడు లెక్క చేయలేకపోతున్నాడు, మీరు గొంతు పెంచారు. అది పైపే. టీమ్‌లో పని కదలట్లేదు, రాత్రి పదకొండింటికి గ్రూపులో మెసేజ్‌లు పెట్టారు. అదీ పైపే. ఏడాదంతా చదవనిది పరీక్ష ముందు రెండు రాత్రుల్లో చదివేద్దామనుకున్నారు. అంతకన్నా పొడవైన పైపు లేదు.

ఇవాళే ఒక కాగితం తీసుకోండి. గత వారంలో మీరు ఎక్కడెక్కడ పైపు తొడిగారో రాయండి. ఎవరికీ చూపించక్కర్లేదు. కానీ రాయండి. రాయకుండా ముందుకి వెళ్లకండి.

విరిగిన ముఖం చదవండి

సుత్తి తీయకముందు చేయాల్సిన పని ఒకటుంది. టార్చి వేసి, విరిగిన చోటు చూడటం.

బాగా దగ్గరగా చూడండి. ముఖం అంతా ఒకే రంగులో, గరుకుగా మెరుస్తోందా? అయితే ఆ బోల్టు ఇవాళే, ఒక్క దెబ్బకే విరిగింది. ఒక అంచున నల్లగానో, తుప్పు రంగులోనో మచ్చ ఉండి, మిగతాది మాత్రమే మెరుస్తోందా? అయితే ఆ నల్ల మేర ఎప్పుడో పగిలింది. నీళ్లు అందులోకి దిగాయి. బండి ఆ పగులుతోనే ఇన్నాళ్లూ ఘాట్ ఎక్కుతూ దిగుతూ ఉంది. మిగిలిన కాస్త ఇనుము ఇవాళ చేతులెత్తేసింది.

ఈ రెండో రకం కనిపిస్తే పక్క బోల్టులు కూడా అనుమానితులే. అన్నీ మార్చండి.

ఇంకో ప్రశ్న. బిగిస్తుండగా విరిగిందా, విప్పుతుండగా విరిగిందా? బిగిస్తుండగా విరిగితే సంతోషించండి. తల తెగగానే బిగువు పోతుంది, లోపలి ముక్క చాలాసార్లు తేలిగ్గానే తిరిగి వచ్చేస్తుంది. విప్పుతుండగా విరిగితే మాత్రం మరలను తుప్పు పట్టేసిందని అర్థం. ఓపిక పట్టాలి.

ఇంటర్వ్యూలో ఫెయిలయ్యారా? వ్యాపారంలో పార్ట్‌నర్ వెళ్లిపోయాడా? ఇదే చూపుతో చూడండి. ఇవాళ విరిగింది ఎంత, ఎప్పుడో పగిలింది ఎంత? 'ఆ రోజు మూడ్ బాగాలేదు' అని చెప్పుకోవడం తేలిక. నల్ల మచ్చ ఎక్కడుందో చూపించగలగడం ధైర్యం. మీలో ఆ ధైర్యం ఉంది.

ఇక పనిలోకి

1. బండిని కదలకుండా చేయండి. చదునైన నేల కావాలి, ఘాట్ వాలులో వద్దు. ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టండి. చాలా బండ్లలో హ్యాండ్ బ్రేకు పట్టుకునేది వెనక చక్రాలనే. వెనక భాగం పైకి లేచాక అది ఉన్నా లేనట్టే. ఉత్త జాకీని నమ్మి కిందికి దూరకండి. స్టాండ్లు వేయండి.

2. వైర్ బ్రష్‌తో మట్టి, తుప్పు రుద్దండి. తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి నానబెట్టండి. వీలైతే రాత్రంతా. ఈ నానబెట్టే టైమ్ వృథా కాదు. పని జరుగుతూనే ఉంది, మీ చేతులు మాత్రం ఖాళీ.

3. మిగతా బోల్టులు విప్పి డిఫరెన్షియల్ కవర్ తీశాక ముక్క కాస్త బయటికి పొడుచుకొచ్చి ఉంటే లాకింగ్ ప్లయర్‌తో గట్టిగా పట్టుకుని తిప్పండి. ఒకే వైపు లాగొద్దు. కాస్త విప్పండి, కాస్త బిగించండి, మళ్లీ విప్పండి. కిర్రుమంటూ వెంట్రుకవాసి కదిలినా చాలు, ఆ కదిలిన సందులోకి ఆయిల్ దిగుతుంది.

4. రాలేదా? వెల్డింగ్ షాపు వాణ్ణి పిలవండి. ముక్క మీద ఒక నట్టు పెట్టి, నట్టు రంధ్రంలోంచి వెల్డింగ్ చేస్తాడు. పట్టుకోవడానికి కొత్త తల దొరుకుతుంది. వెల్డింగ్ వేడికి తుప్పు పట్టు సడలుతుంది. ఒక్క పనికి రెండు లాభాలు. ముందుగా బ్యాటరీ వైరు తీయించండి. ఆయిల్ మొత్తం తుడిపించండి. ట్యాంకు, బ్రేకు పైపులు ఎక్కడున్నాయో చూసుకోమనండి.

5. ముక్క లోపలికే విరిగిపోయిందా? ఇప్పుడు డ్రిల్లింగ్ తప్పదు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

అంతా సెంటర్ పంచ్‌లోనే ఉంది. విరిగిన ముఖానికి సరిగ్గా మధ్యన గుంట పడాలి. ఎందుకంటే బోల్టు స్టీలు, హౌసింగ్ చాలావరకు పోత ఇనుము. డ్రిల్ బిట్ ఎప్పుడూ మెత్తగా ఉన్న వైపుకి జారుతుంది. గుంట పక్కకి పడితే బిట్ బోల్టుని వదిలేసి హౌసింగ్‌ని తినేస్తుంది. అప్పుడు పోయేది బోల్టు కాదు, హౌసింగ్. కాబట్టి పది నిమిషాలు గుర్తు పెట్టడానికే ఇవ్వండి. డ్రిల్లింగ్‌కి రెండు నిమిషాలు చాలు. మన అలవాటు దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. మార్చుకోండి.

3 మి.మీ. బిట్‌తో మొదలుపెట్టండి. మెల్లగా, ఆయిల్ వేస్తూ. తర్వాతే కాస్త పెద్ద బిట్. ఎడమవైపు తిరిగే బిట్లు కూడా దొరుకుతాయి. అవి బోల్టు విప్పే దిశలోనే తిరుగుతాయి కాబట్టి చాలాసార్లు డ్రిల్ చేస్తుండగానే ముక్క తిరిగి వచ్చేస్తుంది.

6. రంధ్రం పడ్డాక ఎక్స్‌ట్రాక్టర్. విరిగిన ముక్కలోకి దించి, విప్పే దిశలో తిప్పే పనిముట్టు ఇది. దీన్ని గౌరవించండి. చాలా గట్టి స్టీలు, అందుకే పెళుసు. బలవంతం చేస్తే అది కూడా లోపలే విరుగుతుంది. విరిగితే మామూలు డ్రిల్ బిట్ దాని మీద పనిచేయదు. ఒక బోల్టు సమస్య కాస్తా హౌసింగ్ మొత్తం విప్పి లేత్ షాపుకు మోసుకెళ్లే సమస్య అవుతుంది. బిగుసుకుందనిపిస్తే ఆగండి. హౌసింగ్‌ని వేడి చేయండి, చల్లారనివ్వండి, ఆయిల్ వేయండి, మళ్లీ ప్రయత్నించండి.

7. ఇనుప రజను లోపల ఒక్క పలుకు కూడా మిగలకూడదు. డ్రిల్ చేసేముందే గేర్ల మీద గుడ్డ కప్పండి, తర్వాత అయస్కాంతంతో ఏరండి. మిగిలిపోయిన రజను బేరింగులను నలిపేస్తుంది.

నింపే ప్లగ్గు ముందు

మంచి మెకానిక్ అలవాటు ఒకటి చెబుతాను. డిఫరెన్షియల్‌కి రెండు ప్లగ్గులుంటాయి. పైది ఆయిల్ నింపడానికి, కిందిది ఖాళీ చేయడానికి. కొన్ని బండ్లలో కిందిది ఉండదు, కవరే తీయాలి. అతను ముందు నింపే ప్లగ్గు విప్పి చూస్తాడు. అది వచ్చాకే ఆయిల్ దింపుతాడు. ఎందుకు? ఉన్న ఆయిల్ అంతా దింపేశాక నింపే ప్లగ్గు రాకపోతే బండి అక్కడే కూర్చుంటుంది.

ఉద్యోగానికి రాజీనామా చేసేముందు ఈ ప్లగ్గు చూసుకున్నారా? ఉన్న కోర్సు మానేసేముందు? స్నేహితుడితో ఆఖరి మాట అనేముందు? నేను వద్దనట్లేదు. రిస్క్ తీసుకోండి, తప్పకుండా తీసుకోండి. నింపే దారి తెరుచుకుంటుందో లేదో చేత్తో తిప్పి చూశాక తీసుకోండి.

ఇక్కడ మాత్రం ఆగండి

విరిగింది కవర్ బోల్టు అయితే నేర్చుకుంటూ చేయొచ్చు. లోపల పెద్ద గేరైన క్రౌన్ వీల్‌ని పట్టుకునే బోల్టు అయితే మీరు చేయకండి. అక్కడ పళ్ల మధ్య సందు మిల్లీమీటరులో పదో వంతు లెక్కల్లో ఉంటుంది. కొన్ని బండ్లలో ఆ బోల్టులకు ఎడమ మరలు ఉంటాయి. విప్పుతున్నాననుకుని బిగించేస్తారు. తెలిసిన మెకానిక్‌కి అప్పగించండి. పక్కన నిలబడి చూడండి, ప్రశ్నలు అడగండి. సాయం అడగడం చేతకానితనం అనే ఆలోచన మీ బుర్రలో ఉంటే, ముందు దాన్ని బయటికి తీయండి.

ముక్క బయటికొచ్చాక

పని అయిపోలేదు. మరలు కోసే సరైన సైజు ట్యాప్‌తో మరలు శుభ్రం చేయండి. పాత బోల్టు తిరిగి వేయకండి, అదే గ్రేడు కొత్తది కొనండి. బోల్టులను ఒకదానికొకటి ఎదురెదురుగా, రెండు దఫాలుగా బిగించండి. మాన్యువల్ చెప్పిన టార్క్ ఎంతో అంతే, టార్క్ రెంచ్‌తోనే. బ్రీదర్ శుభ్రం చేయండి. మాన్యువల్ చెప్పిన గ్రేడు గేర్ ఆయిల్, నింపే రంధ్రం అంచు దాకా పోయండి. ఒక ఘాట్ ఎక్కి దిగాక కింద తడి ఉందేమో చూడండి. గెడ్డలు దాటే బండి అయితే వానాకాలం అయిపోగానే ఆయిల్ రంగు చూడటం అలవాటు చేసుకోండి.

చివరిగా అరకు, పాడేరు, చింతపల్లి వైపు పదో తరగతి పాసై, ఏం చేయాలో తోచక ఊళ్లో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్ల ట్రేడు. మెకానిక్ డీజిల్ ఏడాది. పదో తరగతి మార్కుల మెమో, కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్ ఇప్పుడే ఒక కవర్లో పెట్టుకోండి. నోటిఫికేషన్ పడ్డ రోజునే అప్లై చేయండి. అమ్మాయిలకు ఇదెందుకని ఎవరైనా అంటే ఆగకండి. మీతోపాటు పక్కింటి అమ్మాయి చేత కూడా అప్లికేషన్ పెట్టించండి.