మెట్ల లెక్కలో పరామితులు

2023 జూన్ 15న ఢిల్లీలోని ముఖర్జీ నగర్‌లో ఒక శిక్షణ కేంద్రంలో మంటలు రేగినప్పుడు విద్యార్థులు కిటికీల నుంచి తాళ్లు, తీగలు పట్టుకుని దిగారు. భవనానికి మెట్లదారి ఎంత కీలకమో ఆ ఘటన చూపింది.

రెవిట్ వంటి సాఫ్ట్‌వేర్‌లో మెట్లను పరామితులతో నిర్వచిస్తారు. ఒక్కో మెట్టు ఎత్తు 150 మి.మీ. మించరాదనుకుందాం. అంతస్తు ఎత్తు 3,000 మి.మీ. అయితే 20 మెట్లు చాలు. 3,200కు మారిస్తే 22 కావాలి. ఒక్కోటి సుమారు 145 మి.మీ. ఉంటుంది. అడుగుపెట్టే చోటు 300 మి.మీ. చొప్పున మెట్ల వరుస 600 మి.మీ. పొడవు పెరుగుతుంది. ఆ స్థలం కోసం దారిని ఇరుకు చేయకుండా, కనీస వెడల్పును కూడా పరామితిగా స్థిరపరచాలి.

మెటీరియల్‌లో రూపం వేరు, గుణం వేరు. తెరపై తలుపుకు ఉక్కు రంగు ఇచ్చినంత మాత్రాన అది మంటను ఆపదు. ఎంతసేపు ఆపగలదో విడిగా నమోదు చేయాలి.