బృహన్నల వేషము – అందలి అంతరార్థము

పౌరాణిక చిత్రములలో కిరీటములను, భుజకీర్తులను చూచుటకు అలవాటుపడిన కన్నులకు ఒక వేషము నేటికిని వింతగానే తోచును. అది 1963వ సంవత్సరము అక్టోబరు నెలలో విడుదలయైన ‘నర్తనశాల’ చిత్రమున నందమూరి తారక రామారావు ధరించిన బృహన్నల వేషము. గాండీవము పట్టిన వీరుడు జడ వేసికొని, గాజులు తొడిగికొని, రాచకన్నెకు నాట్యము నేర్పుచుండును. సింగపూరులోని తెలుగు ఇండ్లలో పెద్దలు ఈ చిత్రమును పిల్లలకు చూపునపుడు పిల్లలు మొదట నవ్వుదురు. పిమ్మట, “అర్జునుడు ఆడవేషమెందుకు వేసికొన్నాడు?” అని అడుగుదురు. “శాపము వలన” అని చెప్పి పెద్దలు ఊరకుందురు. ఆ సమాధానము తప్పు కాదు గాని, చాలదు.

చిత్రమును గూర్చి రెండు మాటలు. దీనిని నటీమణి లక్ష్మీరాజ్యముగారి సంస్థ నిర్మించినది. కమలాకర కామేశ్వరరావు దర్శకుడు, సముద్రాల రాఘవాచార్యులు రచయిత, సుసర్ల దక్షిణామూర్తి సంగీత దర్శకుడు. ద్రౌపదిగా సావిత్రియు, కీచకునిగా ఎస్.వి. రంగారావును, ఉత్తరగా ఎల్. విజయలక్ష్మియు నటించిరి. 1964లో జకార్తా నగరమున జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవమున రంగారావునకు ఉత్తమ నటుడను బహుమానము లభించినది. జకార్తా సింగపూరునకు కూతవేటు దూరమే. కాని అప్పటికి సింగపూరు మలేషియాలో అంతర్భాగము, మలేషియాకును ఇండొనీషియాకును నడుమ వైరము చెలరేగుచున్న కాలమది. పొరుగున తెలుగు నటునకు జరిగిన సన్మానమును ఇచ్చటి తెలుగువారు పోయి చూడగలిగిన రోజులు కావు.

ఇక వేషమునకు వత్తము. పాండవులు అజ్ఞాతవాసమునకై ఎంచుకొన్న రూపములు ఏవియు గాలివాటుగా ఎంచుకొన్నవి కావు. జూదము చేత రాజ్యము పోగొట్టుకొన్న ధర్మరాజు పాచికలు చేతబట్టియే కంకుడై విరటుని కొలువు చేరెను. భోజనప్రియుడైన భీముడు వంటశాలకు చేరెను. నకులునకు గుఱ్ఱములు, సహదేవునకు గోవులు. ద్రౌపది తన కేశపాశమును కుడిప్రక్కకు ముడిచి దాచి, మాసిన నల్లని వస్త్రము ధరించి సైరంధ్రి అయ్యెను. ఎవరికి తెలిసిన విద్య వారికి మరుగయినది. అర్జునునకు నాట్యము కొత్తగాదు. ఇంద్రలోకమున నున్నపుడు చిత్రసేనుడను గంధర్వుని వద్ద నృత్యగీతములు నేర్చియుండెను.

అయితే అర్జునునకు తక్కినవారికి లేని చిక్కు ఒకటి కలదు. అతడు సవ్యసాచి. రెండు చేతులతోను విల్లు లాగువాడు. సామాన్యమైన విలుకానికి అల్లెత్రాటి కాయ ఒక ముంజేతి మీద మాత్రమే యుండును; అర్జునునకు రెండింటి మీదను కలదు. ఇంత స్పష్టమైన గురుతును ఏ మారువేషము కప్పగలదు? వ్యాసభారతమున అర్జునుడే అన్నగారితో ఈ మాట ప్రస్తావించును. ఈ రెండు మచ్చలు దాచుటకు కష్టమైనవి గనుక వలయములు తొడుగుకొని వానిని కప్పెదనని అతడు చెప్పును. చెవులకు అగ్నివలె మెఱయు కుండలములు, తల వెనుక జడ, ముంజేతులకు శంఖవలయములు. స్త్రీత్వమునకు గురుతని అందఱును తలంచు ఆ గాజుల క్రింద నున్నది ధనుర్విద్యాభ్యాసపు మచ్చ. ఈ వేషములోని మర్మమంతయు ఇచ్చటనే యున్నది. చిత్రమును చూచువారు బృహన్నల ముఖమును మాత్రమే చూచుచుందురు, చూడవలసినది ముంజేతులను.

విరటుడు మొదట నమ్మలేదు. ఇతడు నాట్యాచార్యునివలె లేడు, విల్లు పట్టవలసిన వానివలె నున్నాడని పలికెను. పరీక్షింపజేసి నిశ్చయము చేసికొన్న పిదపనే అంతఃపురమునకు పంపెను. వేషము ఎంత చక్కగా నున్నను దేహము పూర్తిగా అబద్ధమాడదు.

ఊర్వశి శాపమును కూడ ఇచ్చటనే చెప్పుకొనవలెను. స్వర్గమున తనను వరించి వచ్చిన ఊర్వశిని అర్జునుడు తన వంశమునకు తల్లిగా భావించి నమస్కరించెను. పురూరవుని భార్యయైన ఆమె కౌరవ పాండవ వంశమునకు మూలపుటమ్మయే గదా. కోపించి ఆమె నపుంసకుడవు కమ్మని శపించెను. ఇంద్రుడు ఆ శాపమును ఒక్క సంవత్సరమునకు కుదించి, అది అజ్ఞాతవాసమున అక్కఱకు వచ్చునని చెప్పెను. సంయమము చూపినందుకు వచ్చిన శాపమే పదుమూడవ యేట రక్షాకవచమైనది. కావున ఆ జడ, ఆ గాజులు అతని పరాజయమునకు చిహ్నములు కావు.

వ్యాసుడు ఈ స్థితికి వాడిన మాట ‘తృతీయ ప్రకృతి’. అందు వెక్కిరింపు లేదు. సంసారమున అట్టి ప్రకృతితో జీవించు మనుజులను చూచి నవ్వుటకు ఈ కథ గాని, ఈ చిత్రము గాని ఆధారము కానేరదు. రామారావు నటనలోని ఘనత కూడ ఇదియే. అప్పటికే ‘మాయాబజార్’లో శ్రీకృష్ణుడై ఇంటింటను పూజలందుకొనుచున్న నటుడు ఈ వేషమును హాస్యమునకు అప్పగించుట సులభము, ప్రేక్షకులు నవ్వుటకు సిద్ధముగనే యుందురు. ఆయన అట్లు చేయలేదు. నడకలో లాలిత్యము, చూపులో నిగ్రహము నిలిపినాడు. తెర మీద నవ్వు పుట్టించు భారమును ఉత్తరకుమారుడైన రేలంగి మోసినాడు.

తెలుగువారికి ఈ వేషము పరాయిది కాదని కూడ గమనింపవలెను. కూచిపూడి అగ్రహారమున పురుషులే స్త్రీవేషములు ధరించి భామాకలాపము ఆడుట తరతరముల సంప్రదాయము. వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామ వేషమునకు గాను భారత ప్రభుత్వము 1970లో ఆయనకు పద్మశ్రీ బిరుదమిచ్చినది. భామ జడ ఒక అలంకారము మాత్రము కాదు, అభినయమున అదియొక పాత్ర. తిక్కన సోమయాజి తన భారత రచనను విరాటపర్వముతోనే ఆరంభించెను. వానలు కురియని యేడు విరాటపర్వము చదివించుట ఆంధ్రదేశపు పల్లెలలో ఆచారము. సింగపూరున వాన కొఱకు ఏ పర్వమును చదువనక్కఱ లేదు. కాని సౌత్ బ్రిడ్జి రోడ్డునగల శ్రీ మారియమ్మన్ ఆలయమున, దీపావళికి ముందు జరుగు నిప్పుల నడక ఉత్సవమున, ద్రౌపదీదేవి సన్నిధిని భారతకథయే నడచును. అచ్చట అర్జునుడు తపస్సు చేయు వేషమున కానవచ్చును. రెండు వేషములును ఒకే మనిషివి.

అజ్ఞాతవాసమునకు బయలుదేరునపుడు పాండవులు తమ ఆయుధములను జమ్మిచెట్టుపై దాచి, చెట్టునకు ఒక శవమును కట్టి, ఇది నూట యెనుబదియేండ్ల మా తల్లి కళేబరము, ఇది మా కులాచారము అని పశువుల కాపరులకు చెప్పిరి. పిదప తమలో తాము పిలుచుకొనుటకు ఐదు రహస్య నామములు పెట్టుకొనిరి: జయుడు, జయంతుడు, విజయుడు, జయత్సేనుడు, జయద్బలుడు. ఊరికి బృహన్నల, అన్నదమ్ములకు విజయుడు.

ఈ ఘట్టము తోటల నుండి వచ్చిన కుటుంబములకు తేలికగా అర్థమగును. ఒప్పందపు కూలీలుగా మలయా చేరిన తెలుగువారిని, తమిళులను కూడ పాలకులు, ఇరుగుపొరుగువారు ‘క్లింగు’ అను ఒక్క పేరుతో పిలిచిరి. ఆ మాట కళింగ శబ్దమునుండి పుట్టినదందురు. కళింగ తీరపు పొరుగువాడైన తెలుగువానికి అది సగము సొంత పేరే. పిలిచినవారి గొంతులో గౌరవము లేదన్నమాటే గాని. 1910లో ఆ ఒప్పందపు పద్ధతి రద్దయినది; పేర్ల చిక్కు మాత్రము తీరలేదు. పత్రములలో తండ్రి పేరు చేరినది, ఇంటిపేరు రాలిపోయినది. పిమ్మటి తరములు బడిలో తమిళము చదివినవి. 1990 ప్రాంతమున సింగపూరు పాఠశాలలలో హిందీ, పంజాబీ, బెంగాలీ, గుజరాతీ, ఉర్దూ భాషలకు చోటు దొరికినపుడు తెలుగు ఆ ఐదింటిలో లేదు. వేషము వేసికొనుట తప్పు కాదు. విరటుని కొలువున ఎవరును ఆకలితో లేరు, అవమానమును ఓర్చినవారే గాని. పాండవులు ఐదుగురును ఆ రహస్య నామములను మఱవలేదు. నేడు సింగపూరులో తన ఇంటిపేరు చెప్పగల తెలుగు పిల్లవాడు ఎందఱిలో ఒకడు? పెద్దలు తమ ఇండ్లలోనే అడిగి చూడవచ్చును.

ఉత్తర గోగ్రహణమున వేషము జాఱిపోవు తీరు మిక్కిలి రమ్యమైనది. కవచమును తలక్రిందుగా తొడిగికొనబోయి బృహన్నల అంతఃపుర కన్యలను నవ్వించును. అది చివరి నటన. పారిపోవు ఉత్తరకుమారుని వెనుక జడ ఊగులాడ, ఎఱ్ఱని వస్త్రములు ఎగుర పరుగెత్తునపుడు కౌరవసైనికులు నవ్వుదురు. కాని పెద్దలు ఆ తలను, ఆ మెడను, ఆ బాహువులను గుర్తించి, నివుఱు గప్పిన నిప్పిది, అర్జునుడు కాడు గదా యని శంకింతురు. జమ్మిచెట్టు వద్ద అతడు గాజులు తీసివేసి, చేతులకు తోలుపట్టీలు తొడిగికొని, నల్లని కురులను తెల్లని వస్త్రముతో ముడిచికట్టును.

యుద్ధమునకు బయలుదేరునపుడు ఉత్తరయు, చెలికత్తెలును, బొమ్మలకు కట్టుటకు కౌరవుల మేలిబట్టలు తెమ్మని బృహన్నలను కోరియుండిరి. సమ్మోహనాస్త్రముతో శత్రువులు మూర్ఛిల్లిన పిదప అర్జునుడు ఆ చిన్న మాటను మఱవలేదు. ద్రోణ కృపుల తెల్లని వలువలు, కర్ణుని పచ్చని వలువ, అశ్వత్థామ దుర్యోధనుల నల్లని వలువలు తెమ్మని ఉత్తరకుమారుని పంపెను. భీష్ముడు మూర్ఛిల్లలేదు గనుక ఆయన వైపు పోవలదని హెచ్చరించెను. గాండీవము చేతికి వచ్చిన తరువాత కూడ నాట్యాచార్యుడు తన శిష్యురాలి బొమ్మలను తలంచుకొనెను.

నిజము బయటపడిన పిమ్మట విరటుడు సంతోషముతో ఉత్తరను అర్జునునకే ఇచ్చెదననెను. అర్జునుడు అంగీకరింపలేదు. ఏడాదికాలము అంతఃపురమున ఆమె తనను తండ్రివలె, గురువువలె నమ్మినదనియు, కోడలిగా మాత్రమే స్వీకరింతుననియు పలికెను. గాజులు తీసివేసినను గురుత్వమును తీసివేయలేదు. ఉత్తరకు అభిమన్యునితో వివాహమైనది. వారి కుమారుడు పరీక్షిత్తు. యుద్ధానంతరము పాండవవంశమున మిగిలినది ఆ ఒక్క మొలకయే.